‘నుంచి’ దగ్గర చేజారిన ఏడాది: సీజీఎల్ టైర్-2 ఇంగ్లిష్ అనుభవం

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయిలో జరిపే సీజీఎల్ పరీక్ష 2024 తుది ఫలితాల్లో ట్యాక్స్ అసిస్టెంట్ పోస్టుకు నా రోల్ నంబరు కనిపించిన తరువాత, చిక్కడపల్లి లైబ్రరీలో నాతో పాటు కూర్చునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగిన మొదటి ప్రశ్న మ్యాథ్స్ గురించి కాదు. ‘ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్‌లో అన్ని మార్కులు ఎలా తెచ్చుకున్నావన్నా’ అనే అందరూ అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మ్యాథ్స్, రీజనింగ్, జీకేలకు అందరూ చేసేదే నేనూ చేశాను: ప్రీవియస్ పేపర్లు, మాక్ టెస్టులు, తప్పుల పునశ్చరణ. వాటి గురించి ఇంతకు మించి చెప్పేదేమీ లేదు.

ఇంగ్లిష్ సంగతి చెప్పాలంటే మొదట 2023 అక్టోబరులో రాసిన టైర్-2, అంటే రెండో దశ పరీక్ష గురించి చెప్పాలి. టైర్-1 మార్కులు అర్హతకే పరిమితమైనందున బరువంతా టైర్-2 మీదే ఉంటుందని మీకు తెలుసు. అందులో ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, 135 మార్కులు. తప్పు రాసిన ప్రతి ప్రశ్నకూ ఒక మార్కు కోత. నేను 45 ప్రశ్నలూ ధైర్యంగా పూర్తిచేసి బయటికి వచ్చాను. ఎంపిక మాత్రం ఇరవై రెండు మార్కుల తేడాతో పోయింది. ఫలితాల తరువాత ఫైనల్ కీ (సరైన జవాబుల పట్టిక) పక్కన పెట్టుకుని, నేను గుర్తించిన జవాబులున్న రెస్పాన్స్ షీట్ మళ్ళీ తెరిచాను. రాత్రి పదకొండు దాటింది, రూమ్‌లో మిగతా ఇద్దరూ నిద్రపోయారు, నేను ఫోన్ వెలుతురులోనే తప్పులన్నింటినీ ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. మొత్తం పదిహేను తప్పులున్నాయి. వాటిలో తొమ్మిది కన్‌జంక్షన్ల దగ్గర, పర్‌ఫెక్ట్ టెన్స్ తరువాత వచ్చే ప్రిపొజిషన్ల దగ్గర జరిగినవే. ఒక్కో తప్పుకు రావలసిన మూడు మార్కులు రాకపోవడమే కాక చేతిలో ఉన్న ఒక మార్కు కూడా పోతుంది. తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు అని లెక్క కట్టుకున్న ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తొమ్మిదింటిలో ఎక్కువ భాగం ‘ఐ యామ్ వెయిటింగ్ హియర్ సిన్స్ టూ అవర్స్’ మాదిరి వాక్యాలే. వాక్యంలో తప్పు ఎక్కడుందో కనిపెట్టే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నలవి; వాటికి నేను ‘నో ఎర్రర్’, అంటే తప్పు లేదని గుర్తించాను. రూల్ నాకు తెలియక కాదు. సిన్స్ తరువాత మొదలైన సమయం, ఫర్ తరువాత పట్టిన కాలం రావాలని పదో తరగతిలోనే బట్టీ పట్టాను. అయినా ఆ వాక్యం చదవగానే నా చెవికి ‘రెండు గంటల నుంచి ఇక్కడ ఎదురుచూస్తున్నాను’ అనే తెలుగు వాక్యం వినిపించింది, అందులో ఏ తప్పూ కనిపించలేదు. నిజానికి తెలుగులో అది తప్పు కాదు. మన ‘నుంచి’ రెండు పనులూ తానే చేస్తుంది. ‘రెండు గంటల నుంచి’ అంటే మధ్యాహ్నం రెండు కొట్టినప్పటి నుంచి అని కావచ్చు, రెండు గంటల సేపుగా అని కావచ్చు; ఏదో తెలియాలంటే సందర్భం చూడాలి. ఇంగ్లిష్ ఆ రెండింటికీ రెండు వేర్వేరు మాటలు పెట్టుకుంది.

ఇది అర్థమైన వారానికి, దీనికి మందు కూడా తెలుగులోనే ఉందని తెలిసింది. ‘నుంచి’ తీసేసి అక్కడ ‘గా’ పెట్టి చూడండి. ‘రెండు గంటలుగా’ అనవచ్చు, ‘మూడేళ్ళుగా’ అనవచ్చు. కాబట్టి అక్కడ ఫర్. ‘సోమవారంగా ఎదురుచూస్తున్నాను’ అని ఎవరూ అనరు, ‘2019గా ఇక్కడ ఉంటున్నాను’ అని కూడా అనరు; అక్కడ సిన్స్. ‘గా’ పట్టే చోట ఫర్, పట్టని చోట సిన్స్. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ఫర్ కనిపిస్తే చాలు పర్‌ఫెక్ట్ టెన్స్ పెట్టేయాలని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ ‘హీ వర్క్‌డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ పూర్తిగా సరైన వాక్యం. తెలుగులో అది ‘రెండేళ్ళు పనిచేశాడు’ అవుతుంది. ‘గా’ లేదు, ‘నుంచి’ లేదు, పని ముగిసిపోయింది. ‘రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు’ అన్నప్పుడు మాత్రమే ‘హ్యాజ్ బీన్ వర్కింగ్’ కావాలి. మన ‘చేస్తున్నాడు’ చూసి ‘ఈజ్ వర్కింగ్’ అని రాసేయడమే అసలు ఉచ్చు.

సిన్స్ కన్‌జంక్షన్‌గా వచ్చినప్పుడు ఇంకో మడత పడుతుంది. ‘నాన్న ఊరు విడిచి పదేళ్ళయింది’ అనే మాటను ఇంగ్లిష్‌లో ‘టెన్ ఇయర్స్ హ్యావ్ పాస్డ్ సిన్స్ మై ఫాదర్ లెఫ్ట్ ద విలేజ్’ అంటారు. గడిచిన కాలం పర్‌ఫెక్ట్‌లో ఉంటుంది, సిన్స్ తరువాత జరిగిన ఘటన సింపుల్ పాస్ట్‌లో ఉంటుంది. ఎర్రర్ స్పాటింగ్‌లో అక్కడ ‘హ్యాడ్ లెఫ్ట్’ అని పెట్టి, ఎంతో పాత సంగతి కదా అనిపించేలా మనల్ని మభ్యపెడతారు. ‘మేము స్టేషన్‌కు చేరేసరికి రైలు వెళ్ళిపోయింది’ అనే వాక్యంలో మాత్రం ఆ హ్యాడ్ నిజంగానే కావాలి: ‘బై ద టైమ్ వి రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్’. తెలుగులో రెంటికీ మామూలు భూతకాలమే సరిపోతుంది కాబట్టి ఏది ముందు జరిగిందో మనమే చూసుకోవాలి.

నేను చేరిన కోచింగ్ సెంటర్ పేరు చెప్పను. అక్కడ నూట యాభై రూల్స్ ఉన్న జిరాక్స్ కట్ట ఇచ్చారు. అందులో ‘నో సూనర్, హార్డ్‌లీ, స్కేర్స్‌లీ’ మూడూ ఒకే వరుసలో ఉండేవి. మూడింటినీ కలిపి చదివి, పరీక్షలో మూడింటినీ కలిపేశాను. సూనర్ అంటే ‘ఇంకా త్వరగా’ అని పోలిక చెప్పే రూపమనీ, పోలికకు దాన్ కావాలనీ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రూల్ బట్టీ పట్టనవసరమే ఉండేది కాదు. హార్డ్‌లీ, స్కేర్స్‌లీల్లో పోలిక లేదు, అందుకే వాటికి వెన్. తెలుగులో ఈ మూడూ మన ‘గానే’లో ఇమిడిపోతాయి: ‘చేరగానే రైలు కదిలింది’. అన్‌లెస్ తరువాత నాట్ చేర్చడం కూడా ఇలాంటి తప్పే. ‘కష్టపడకపోతే’ అన్న మాటలో లేదనే అర్థం అప్పటికే ఉంది కనుక మన చేయి ఇంగ్లిష్‌లో ఇంకో నాట్ వేయాలని చూస్తుంది. ‘పేదవాడే అయినా, కానీ’ అని మాట్లాడే అలవాటు వల్ల ఆల్దో తరువాత బట్ కూడా అలాగే వచ్చి కూర్చుంటుంది.

అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది ప్యాసివ్ వాయిస్‌లో ప్రిపొజిషన్ సంగతి. ‘ద పేషెంట్ హ్యాజ్ బీన్ ఆపరేటెడ్’ అన్న వాక్యం నాకు నిండుగానే కనిపించేది. దాని చివర ఆన్ గానీ అపాన్ గానీ ఉండాలి. ‘దే హ్యావ్ లాఫ్డ్ ఎట్ హిమ్’ అన్నదాన్ని మార్చితే ‘హీ హ్యాజ్ బీన్ లాఫ్డ్ ఎట్ బై దెమ్’ అవుతుంది. ఎట్, బై పక్కపక్కనే ఉండటం చూసి ఏదో ఒకటి ఎక్కువైందనుకుని ఎట్‌ను కొట్టేసేవాణ్ణి. తెలుగులో విభక్తి నామవాచకాన్ని అంటుకుని ఉంటుంది: ‘అతన్ని చూసి’, ‘దాని గురించి’. నామవాచకం కదిలితే విభక్తీ దానితోనే పోతుంది. ఇంగ్లిష్‌లో ఈ రకం ప్రిపొజిషన్ క్రియతో ఉండిపోతుంది, నామవాచకం వాక్యం ముందుకు వెళ్ళినా అది కదలదు. ‘లుక్డ్ ఇంటూ’, ‘డెల్ట్ విత్’, ‘లిజన్డ్ టు’ అన్నింటినీ ఒకే మాటగా రాసుకోవడం మొదలుపెట్టిన తరువాత వాయిస్ ప్రశ్నల్లో నాకు తప్పు పోలేదు. ‘మ్యారీడ్ విత్’ కాదు, ‘మ్యారీడ్ టు’ అనేదీ అలా రాసుకున్నదే. మన పెళ్ళి ‘తో’ జరుగుతుంది, వాళ్ళ పెళ్ళి ‘కు’ జరుగుతుంది.

రోజూ ఇంగ్లిష్ పేపర్ చదివితే గ్రామర్ దానంతట అదే వస్తుందని నాకు చాలామంది చెప్పారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో, బడిలో ఆ భాష విన్నవారికి అది వస్తుంది, కాదనను. మిర్యాలగూడ దగ్గరి పల్లెలో, ఇంగ్లిష్ పీరియడ్ కూడా తెలుగులోనే జరిగిన బడిలో చదివిన నాకు ఆరు నెలలు పేపర్ చదివినా అవే తప్పులు వచ్చాయి, ఎందుకంటే నేను చదివింది ఇంగ్లిష్ అయినా విన్నది తెలుగే. చేస్తున్న ప్రైవేటు ఉద్యోగం వదిలి రెండోసారి కూర్చున్నప్పుడు, ఒక గ్రామర్ చాప్టర్ కోసం ఏడాది పాడుచేసుకుంటున్నాడని ఊళ్ళో అన్నవారున్నారు. పాడుచేసుకోలేదని ఇప్పుడు చెప్పగలను, కానీ అప్పుడు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. లైబ్రరీ తెరిచే వేళకు వెళ్ళి నిలబడటం, ఫోన్ రూమ్‌లోనే వదిలి రావడం, రోజుకు ఇరవై వాక్యాలు మొదట తెలుగులో రాసి తరువాత ఇంగ్లిష్‌లోకి మార్చుకోవడం మాత్రమే ఉండేవి. పండగ రోజున కూడా ఆ ఇరవై ఆపలేదు. మీలో కొందరు నెలకో కొత్త మెటీరియల్ కొంటారు, మూడో పేజీ దాటరు. అది చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే మొదటి ఏడాది నేను చేసిందీ అదే.

రెండో టైర్-2లో నలభై సరైనవి, నాలుగు తప్పులు, ఒకటి వదిలేశాను. కోత పోగా నూట పదహారు మార్కులు. నాలుగు తప్పుల్లో మూడు వొకాబ్యులరీవి. నాలుగోది ఒక కమిటీలో ఏడుగురు సభ్యులున్నారని చెప్పే వాక్యం మాదిరిది, అందులో ‘కంప్రైజెస్ ఆఫ్’ అని ఉంటే సరైనదని గుర్తించాను. ‘సభ్యులతో కూడిన’ అన్న మన ‘తో’ మళ్ళీ చెవిలో మోగింది. ఇంటికి వచ్చి నోట్‌బుక్ తీస్తే, ‘ప్రిపొజిషన్ వద్దు’ అని శీర్షిక పెట్టుకున్న పేజీలో డిస్కస్, రిజెంబుల్, అకంపెనీల కింద కంప్రైజ్ అని నా చేతిరాతతోనే, ఎర్ర ఇంకుతో రాసి ఉంది.