నా నడుము నొప్పి గుట్టు పట్టుకున్న కంటి డాక్టరమ్మ

రెండేళ్లు నడుముకి బెల్టు కట్టుకుని తిరిగాను. డిస్క్ జారిందన్నారు, రెస్ట్ తీసుకోమన్నారు. తీసుకున్నకొద్దీ నొప్పి ఎక్కువయ్యేది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ. పక్కకి ఒత్తిగిలాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. లేచి గంటసేపు అటూ ఇటూ తిరిగితే గానీ వంగి చెంబు అందుకోలేను. "పని చేస్తే పోయే నొప్పేంట్రా, విచిత్రం కాకపోతే!" అనేది అమ్మ. జబ్బు ఆనవాలు ఆ మాటలోనే ఉంది. ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు కుడికన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయాను. కళ్లకలకేమో అనుకుని వెళ్తే, కంటి డాక్టరమ్మ చుక్కల మందు రాస్తూ "పొద్దున్నే నడుము బిగుసుకుపోతుందా?" అన్నారు. ఇలాంటి కంటి వాపూ, నడుము బిగుసుకోవడమూ ఒకే జబ్బు వల్ల రావచ్చని ఆవిడే కీళ్లవాతాలు చూసే రుమటాలజిస్టు దగ్గరికి పంపారు. ఆయన నడుము మీద పెన్నుతో 10 సెంటీమీటర్ల ఎడంలో రెండు గీతలు గీసి వంగమన్నారు. మామూలుగా ఆ ఎడం 15 దాకా సాగాలట. నాది 12 దగ్గర ఆగింది. ఎమ్మారై, రక్తపరీక్ష అయ్యాక తేలింది: ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు), హెచ్‌ఎల్‌ఏ-బి27 పాజిటివ్.

ఈ బి27 ఏంటని అడిగితే ఆయన దోసిలి పట్టి చూపించారు. కణంలో ప్రోటీన్లు ముక్కలవుతాయి. సుమారు తొమ్మిది అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కని ఇలాంటి దోసిట్లో పెట్టి కణం తన పైపొర మీద చూపిస్తుంది. ఒంటికి కాపలా కాసే టి కణం వచ్చి ముక్కనీ దోసిలినీ కలిపి చూస్తుంది. మన ముక్కయితే వదిలేస్తుంది, వైరస్‌దైతే ఆ కణాన్నే చంపేస్తుంది. (కలిపి చూస్తుందని 1974లో కనిపెట్టిన డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకి 1996లో నోబెల్ వచ్చిందని తర్వాత చదివాను.) బి27 అనే నా దోసిలి తీరు వేరు. అందులో ఇమిడిన ఏదో సొంత ముక్కని చూసి టి కణాలు పొరబడుతున్నాయని కొందరంటారు. దోసిలే సరిగా మడతపడక వాపు రేగుతోందని ఇంకొందరు. బి27కీ ఈ జబ్బుకీ లంకె 1973లోనే దొరికింది, కారణం మాత్రం ఇంకా తేలలేదు! ఒళ్లు మండింది.

వాపు తగ్గించడానికి రోగనిరోధక శక్తిని కొంత అణిచే మందు కాబట్టి, టీబీ లేదని చూసుకున్నాకే అడాలిముమాబ్ మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి పొట్ట మీద ఇంజెక్షన్. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనే దాని చోటు. ఖర్చు తలుచుకుంటే టెన్షనే. కానీ మూడో ఇంజెక్షన్ తర్వాత ఒకరోజు ఆరింటిదాకా నిద్రపోయాను. ఏమైందోనని అమ్మ వచ్చి తట్టి లేపింది.

తమ్ముడు తనూ టెస్టు చేయించుకుంటానన్నాడు. నొప్పి లేనప్పుడు వద్దన్నారు డాక్టరు. బి27 ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదట. పోయిన నెల మళ్లీ గీతలు గీసి కొలిచారు. పదమూడున్నర.