గండి అంచున మూడు గంటల నడక

మా ప్రొద్దుటూరు నుంచి గండికోటకు నలభై కిలోమీటర్ల లోపే. అంత దగ్గరలో ఉన్న చోటును యాభై ఏళ్లు వచ్చేదాకా నేను సరిగా చూడలేదని చెప్పడానికి బాధగా ఉంది. పోలేదని కాదు. చుట్టాలు వచ్చినప్పుడల్లా కారులో తీసుకుపోయి, మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, పాత ధాన్యాగారం చూపించి, పెన్న కొండను కోసుకుపోయిన గండి అంచున నిలబెట్టి ఫొటోలు తీసి, ఎండ ముదరకముందే జమ్మలమడుగు చేరి భోజనం చేసేవాళ్లం. నాలుగేళ్ల కిందట ఒక ట్రావెల్స్ వారి బస్సులో వెళ్లినప్పుడు మాత్రం పరిస్థితి విషమించింది. ఏప్రిల్ నెలలో పదకొండు గంటలకు మమ్మల్ని కోట వాకిలి దగ్గర దించి, నీళ్ల సంగతి గానీ నీడ సంగతి గానీ చెప్పకుండా గంటలో తిరిగి రమ్మన్నారు. బండల మీద నడుస్తుండగానే మా పిన్నికి కళ్లు తిరిగాయి. ఆమెను పట్టుకుని గుడి నీడకు చేర్చేసరికి నాకు చేతులు వణికాయి. ఆ తరువాత గండికోట మాట ఎత్తితే మా ఇంట్లో అందరూ తలలు అడ్డంగా ఊపేవారు.

అందుకే ఈ ధనుర్మాసంలో డెబ్బై ఏళ్ల మా అమ్మ తనంతట తానే గండికోటకు పోదామన్నప్పుడు, వెంట దారి తెలిసిన మనిషి ఉంటేనే వస్తానన్నాను. తెలిసినవాళ్ల ద్వారా గండికోట ఊరివాడే అయిన ఒక గైడ్ దొరికాడు. చిన్నప్పుడంతా ఆ బండల మీద మేకలు కాసిన మనిషి. ఫోనులో మాట్లాడినప్పుడు డబ్బు సంగతికి ముందు అమ్మ వయసు అడిగాడు, మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాడు, కాళ్లకు ఏం వేసుకొస్తారని అడిగాడు. “పొద్దు పుట్టకముందే రండక్కా. రాయి కాగినాక నడవలేరు,” అన్నాడు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు తప్పనిసరి అని కూడా చెప్పాడు. ఆ మాటలతోనే నాకు సగం ధైర్యం వచ్చింది.

జమ్మలమడుగు చుట్టుపక్కల నేల అంతా సున్నపురాయి నేల. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. దేశమంతా ‘కడప బండ’ అని కొనుక్కునే నల్లటి నాపరాయి వచ్చేదీ ఈ సున్నపురాతి పొరల నుంచే. మా ఇంట్లో పొయ్యి గట్టు కూడా ఆ బండే. జమ్మలమడుగు దాటి దారి ఎక్కడం మొదలుపెట్టాక రాయి రంగు మారిపోతుంది. బూడిదరంగు పోయి కుంకుడుకాయ రంగు, ఆ పైన ఇటుక రంగు వస్తాయి. ఎర్రమల అని ఈ కొండలకు, నల్లమల అని తూర్పున ఉన్న కొండలకు పేర్లు పెట్టిన పూర్వులు రంగును చూసి మాట్లాడినవారని ఆ మలుపులో అనిపిస్తుంది.

ఆరున్నరకు కోట లోపలి నుంచి బయలుదేరాము. గైడ్ ముందు, అమ్మ మధ్యలో, నేను వెనక. గుళ్ల వైపు వెళ్లకుండా, కూలిన గోడల మధ్య మేకల బాట పట్టుకుని, గండి అంచుకు ఇవతలగా పడమర దిక్కుకు నడిచాము. పోను రాను కలిపి నాలుగు కిలోమీటర్లకు మించదు. పెద్ద ఎక్కుడు లేదు, దిగుడు లేదు. అయినా నడవడం ఎలాగో ఆయన మాకు మొదటి పది నిమిషాల్లో నేర్పాడు. వదులుగా ఉన్న పలుకురాళ్ల మీద కాకుండా పరుపు బండ మీద అడుగు వేయాలి, పాదమంతా ఒకేసారి ఆనించాలి, పక్కన ఉన్న రాతిని ఊతగా పట్టుకునే ముందు కర్రతో ఒకసారి తట్టాలి. ఆ సందుల్లో తేళ్లు ఉంటాయి. “అమ్మా, తొందర లేదు. గండి యాడికీ పోదు,” అని ప్రతి వంద అడుగులకూ ఆగేవాడు. అమ్మ ఆయాసం కనబడకుండా దాచుకునే మనిషి. అది ఆయన కనిపెట్టి, తానే అలసినట్టు కూర్చునేవాడని నాకు మూడోసారికి అర్థమైంది.

మొదటిసారి అలా కూర్చున్నచోట కింద పడి ఉన్న ఒక పెచ్చును తీసి ఆయన అమ్మ చేతిలో పెట్టాడు. పైభాగం తుప్పు రంగులో ఉంది. పగిలిన వైపు మాత్రం తెల్లగా, లేత గులాబీ ఛాయతో, పటికబెల్లం ముక్కలా మెరుస్తున్నది. ఎరుపంతా రాతి రేణువుల చుట్టూ, పైపొరలోనూ చేరిన ఇనుము తుప్పు. అసలు రాయి స్ఫటికపు ఇసుక. గండికోట గోడలు గ్రానైటువని చాలామంది రాస్తారు, నేనూ అలాగే అనుకున్నాను. అది పొరపాటు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక, పైన పడిన బరువుకు నొక్కుకుపోయి, రేణువుల మధ్య సందులను కూడా స్ఫటికమే పూడ్చివేయగా తయారైన గట్టి రాయి ఇది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని క్వార్ట్‌జైట్ అంటారు. ఈ పొరకు వాళ్లు పెట్టుకున్న పేరే ‘గండికోట క్వార్ట్‌జైట్’.

ఇక్కడ కొంచెం పక్కకు పోయి ఒక మాట చెప్పాలి. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలల మీద తన అధ్యయనాన్ని ప్రచురించిన నాటి నుంచి ఈ ప్రాంతపు రాళ్లు ప్రపంచంలోని భూగర్భ శాస్త్రజ్ఞులకు పరిచయమే. కడప బేసిన్, అంటే ఒకప్పుడు ఇసుక, మట్టి పొరలుగా పేరుకున్న పెద్ద పల్లం, అని వాళ్లు పిలిచే ఈ ప్రాంతంలో అడుగు నుంచి పైకి పొరల పేర్లు చదివితే మా ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టు ఉంటుంది: ఇంగ్లీషు నోట గుల్చేరు అయిన గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట. పాలకోవా కోసం మేము ఆగే గువ్వలచెరువు ఘాటు రోడ్డు అడుగు పొర, మేము కూర్చున్న బండ పై పొర. వయసు వంద కోట్ల ఏళ్లకు ఎంతో పైమాట. అప్పటికి భూమి మీద చెట్టు లేదు, చేప కూడా లేదు. ఈ పేర్లు మా పిల్లల బడి పుస్తకాల్లో ఎందుకు ఉండవో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అరగంట నడిచాక గైడ్ దారి వదిలి, బలుసు పొదలు తప్పించి, ఒక మంచమంత వెడల్పున్న వాలు బండ దగ్గరకు తీసుకుపోయాడు. అప్పుడే ఎండ ఏటవాలుగా పడుతున్నది. బండ మీద వరుసలు వరుసలుగా, ఒకదాని పక్కన ఒకటి, సన్నటి గట్లు తేలి కనిపించాయి. ఎవరో ఉలితో చెక్కారేమో అనుకున్నాను. అమ్మ మాత్రం కర్ర పక్కన పెట్టి, కూర్చుని, అరచేతితో దాన్ని నిమిరింది. “ఇది మన పెన్నలో ఇసుకే కదా! నీళ్లు తీసినాక ఇట్లే ఉంటుంది,” అన్నది. గైడ్ ముఖంలో అంత సంతోషం అంతకుముందు చూడలేదు. “ఇన్నేండ్లుగా మందిని పిల్చుకొస్తాండా, నేను చెప్పకముందే ఇది చెప్పినోళ్లు ఇద్దరో ముగ్గురో. అందురూ ఏటి ఒడ్డునోళ్లే,” అన్నాడు.

నిజంగానే అవి నీటి అలలు ఇసుక మీద వేసిన గీతలు. లోతులేని నీళ్లు ఊగినచోట గట్లకు రెండు వైపులా ఒకే వాలు ఉంటుంది. నీళ్లు ఒక దిక్కుకే పారినచోట వచ్చే వైపు వాలుగా, పోయే వైపు నిటారుగా ఉంటుంది. అమ్మ వేలు పట్టుకుని గైడ్ ఒక గట్టు మీదుగా నడిపించాడు. ఎక్కేటప్పుడు మెల్లగా ఎక్కి, దిగేటప్పుడు టక్కున జారింది. అంటే ఆనాటి నీళ్లు ఇప్పుడు మా ఎడమ చేతి వైపు నుంచి కుడి చేతి వైపుకు పారాయి. అమ్మ రెండు గట్ల మధ్య దూరాన్ని వేళ్లతో కొలిచింది. నాలుగు వేళ్లు. మరోచోట కొలిచింది. అక్కడా నాలుగే.

అదే బండ కింది మూలన ఎవరో నీలం పెయింటుతో రెండు పేర్లు, మధ్యలో హృదయం గుర్తు వేశారు. రంగు గట్ల మీద నుంచి కారి పల్లాల్లో పేరుకుని ఎండిపోయింది. కోట గోడల మీద ఇలాంటి రాతలు చూసి బాధపడ్డాను గానీ, ఇక్కడ కలిగిన బాధ వేరు. గోడను ఏదో ఒకనాటికి బాగుచేసుకోవచ్చు. దీన్ని గీకితే గట్లు కూడా పోతాయని గైడ్ ఆ రంగు జోలికి పోవడం లేదు. ఆ బండకు మందిని తీసుకురావడం కూడా ఈ మధ్య తగ్గించాడట. ఎక్కడ ఉన్నదో నేనూ ఇంతకంటే వివరంగా రాయను.

గండి అంచుకు చేరేసరికి ఎనిమిది దాటింది. అంచుకు పది అడుగుల ఇవతలే ఆయన మమ్మల్ని కూర్చోబెట్టాడు. కింద పెన్న పచ్చగా, కదలకుండా ఉన్నది. అవతలి గోడ నిండా అడ్డంగా పొరల గీతలు, నిలువుగా పగుళ్లు. రెండూ లంబంగా కలిసినచోటల్లా రాయి దిమ్మెలుగా విడిపోతుంది. నది అడుగును కోసుకుపోతూ ఉంటే పక్కల నుంచి ఆ దిమ్మెలు ఊడి పడుతూ ఉంటాయి. గోడ ఏటవాలుగా కాకుండా నిట్టనిలువుగా మిగలడానికి కారణం అదే. నంది కొండల్లో పుట్టి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసేదాకా 597 కిలోమీటర్లు పారే పెన్న, ఇంత ఇరుకైన తోవలో నుంచి దూరడం చూస్తే, కోట కట్టినవాళ్లు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల చేతిలో నుంచి ఇది గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయాక, 1652లో అతన్ని కలవడానికి టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వ్యాపారి ఇక్కడిదాకా వచ్చాడు. అతనూ ఈ ఎర్ర బండల మీదనే కాలు పెట్టి ఉంటాడు.

నదికి ఎగువన గండికోట జలాశయం ఉన్నది. నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. దాని కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లలో తాళ్లప్రొద్దుటూరులో ఉన్న మా అమ్మ పెద్దమ్మ కూతురి కుటుంబం కూడా ఉన్నది. అమ్మ ఆ వైపు చాలాసేపు చూసింది గానీ ఏమీ మాట్లాడలేదు. మేమూ మాట్లాడించలేదు.

కింద నీళ్ల దాకా దిగుదామా అని నేనే అడిగాను. గైడ్ ఒప్పుకోలేదు. అమ్మ దిగగలదు గానీ ఎక్కేటప్పటికి రాయి కాగుతుందని, ఒకసారి సరే అంటే తరువాతి వాళ్లకు కూడా సరే అనాల్సి వస్తుందని చెప్పాడు. గైడ్‌కు డబ్బు ఇచ్చేది దారి చూపించినందుకే అనుకుంటాము గానీ, పోకూడని చోటికి పోనివ్వనందుకు కూడా ఇవ్వాలని నాకు అనిపించింది. తిరుగుదారిలో ఒక దొన దగ్గర ఆగాము. బండలో సహజంగా ఏర్పడిన గుంట, లోపల మొన్నటి వాన నీళ్లు చెంబెడు మిగిలి ఉన్నాయి. చుట్టూ మేకల గిట్టల గుర్తులు. మా సీసాల్లో మిగిలిన నీళ్లను ఆయన అందులో పోయమన్నాడు, పోశాము. తొమ్మిదిన్నరకు కోట వాకిలి దగ్గర ఉన్నాము. బండ మీద చెయ్యి పెడితే అప్పటికే వెచ్చగా ఉన్నది. అప్పుడే ఒక బస్సు వచ్చి ఆగింది. అందులో నుంచి రబ్బరు చెప్పులతో, చేతిలో ఒక్క చిన్న నీళ్ల సీసాతో దిగిన పెద్దామెను చూసి, నేను వెళ్లి నీడలో ఉండమని చెప్పి వచ్చాను.

మరుసటి సోమవారం అమ్మ మా ఊళ్లోనే పెన్న ఒడ్డున ఉన్న రామేశ్వరం గుడికి పోతూ నన్ను కూడా రమ్మన్నది. దర్శనం అయ్యాక నేరుగా పెన్నలోకి దిగింది. ఏటి మధ్యలో సన్నటి పాయ ఒకటి పారుతున్నది. దాని పక్కన నీళ్లు తీసిన తడి ఇసుక మీద గట్లు తేలి ఉన్నాయి. అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కూర్చుని కొలిచింది. రెండు వేళ్లు. ఆ పైన చూపుడువేలితో ఒక గట్టును మెల్లగా దాటించి చూసి, పాయ పారుతున్న దిక్కుకు తలెత్తింది.