నెగెటివ్ గ్రూపు తల్లిగా యాంటీ-డి ఇంజెక్షన్ కోసం నేను పడ్డ అవస్థ

నాది ఓ నెగెటివ్, మా ఆయనది ఓ పాజిటివ్. బాబు పుట్టి వారం కూడా కాలేదు. ఆ ఆస్పత్రి మీద కోపం ఇంకా చల్లారలేదు.

మొదట్లో చేసిన ఐసీటీ పరీక్ష (బిడ్డ రక్తకణాల మీద దాడి చేసే యాంటీబాడీలు తల్లి రక్తంలో ఉన్నాయేమో చూసేది) నెగెటివ్ వచ్చింది. 28వ వారంలో మళ్లీ పరీక్ష, తర్వాత ఆ యాంటీబాడీలు తయారవకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షన్, 300 మైక్రోగ్రాములు. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

కాన్పయ్యాక మొదలైంది అసలు టెన్షన్. బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు నాకు ఇంకో డోసు పడాలని మా డాక్టరమ్మ ముందే చెప్పారు. శనివారం రాత్రి కాన్పు. పొద్దున్నే బాబు గ్రూపు ఏంటని సిస్టర్‌ని అడిగితే ల్యాబ్‌లో కనుక్కోమంది. ల్యాబ్‌వాళ్లు బొడ్డుతాడు రక్తం మాకు రానేలేదన్నారు. లేబర్ రూమ్‌వాళ్లేమో ఎప్పుడో పంపేశామన్నారు. మా ఆయన మెట్లెక్కుతూ దిగుతూనే ఉన్నారు.

సాయంత్రం డ్యూటీ డాక్టర్ వచ్చి, "ఏడో నెలలో వేయించుకున్నారుగా, మళ్లీ ఎందుకమ్మా? నెట్‌లో చదివి మాకే చెప్తారా?" అని వార్డంతా వినేలా అరిచాడు. పక్క బెడ్లవాళ్లు నన్నే చూస్తున్నారు. కుట్ల నొప్పితో సరిగ్గా కూర్చోలేకపోతున్నాను, ఏడుపు తన్నుకొచ్చింది. అయినా తగ్గలేదు. ఫైలు తీసి డాక్టరమ్మ చేత్తో రాసిన లైను ఆయన ముందు పెట్టాను. బాబుకి మళ్లీ రక్తం తీయించాను. ఓ పాజిటివ్! బాబు ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే డీసీటీ పరీక్ష నెగెటివ్.

తీరా చూస్తే ఫార్మసీలో మందు లేదు. సోమవారం మా ఆయన కోఠిలో కొని ఐస్‌ప్యాక్‌లో పెట్టి తెచ్చారు. గడువులోపే వేశారు. నేను పట్టుబట్టకపోతే ఎవరికీ పట్టేది కాదు, ఇది గర్వంగానే చెప్తున్నాను.

"బాబు బాగానే ఉన్నాడుగా, నీకెందుకీ గొడవ" అంది అత్తయ్య. ఈ ఇంజెక్షన్ ఈ బాబు కోసం కాదు. కాన్పులో బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలిస్తే తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. తర్వాతి బిడ్డదీ పాజిటివ్ అయితే ఆ బిడ్డ ఎర్రకణాల్ని అవి నాశనం చేస్తాయి. రక్తహీనత, తీవ్రమైన కామెర్లు, ఒక్కోసారి కడుపులోనే బిడ్డ పోవడం. ఒకసారి తయారయ్యాక యాంటీ-డి వేసినా లాభం లేదు. కడుపుతో ఉన్నవాళ్లని అరిచి నోరు మూయించే డాక్టర్లు ఆ ఫలితాన్ని మోస్తారా?

నెగెటివ్ గ్రూపు ఉన్నవాళ్లు మందు ఎక్కడ దొరుకుతుందో తొమ్మిదో నెలలోనే కనుక్కోండి. ఫైలు ఎవరి చేతికీ వదలొద్దు.

గర్భస్రావమైనా డాక్టర్ని ఈ ఇంజెక్షన్ గురించి అడగాలి. మా పిన్ని కూతురిది ఏ నెగెటివ్, నాలుగో నెలలో గర్భం పోయింది, ఎవరూ దీని మాటే ఎత్తలేదట. మళ్లీ కడుపు రాకముందే ఐసీటీ చేయించుకోమని నిన్న ఫోన్ చేసి చెప్పాను. సోమవారం వెళ్తానంది.