మా గరాజ్‌లో బీరు, నెల్లూరులో అమ్మ

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌ల్యాండ్ పక్కన హిల్స్‌బరోలో తెలుగువాళ్ల ఇంట్లో పుట్టినరోజు పార్టీ జరిగితే ఇల్లు మూడు ముక్కలవుతుంది. ఆడవాళ్లం కిచెన్ చుట్టూ, పిల్లలు పైన గేమ్ రూములో, మగవాళ్లు గరాజ్‌లో. గరాజ్‌లో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. చెప్పుల కోసం అటు వచ్చిన పిల్లవాడిని "పైకెళ్లి ఆడుకో నాన్నా" అని పంపేస్తారు. తెలుగు బడిలో వేమన పద్యాలు నేర్పిస్తాం, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టిస్తాం. మందు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పం. మా పిల్లలు చూసి నేర్చుకున్నది ఇంతే: నాన్నలు తాగుతారు, అమ్మలు మొహం ముడుచుకుంటారు, తిరిగి వచ్చేటప్పుడు అమ్మ డ్రైవ్ చేస్తుంది.

ఇలాంటి ఇంట్లో మా అబ్బాయి బీరు చేస్తానన్నాడు. దాచుకుని కాదు, డైనింగ్ టేబుల్ దగ్గర, పప్పన్నం తింటూ.

వాడికి ఇరవై రెండేళ్లు. కోర్వాలిస్‌లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ చదివాడు. అక్కడ ఫుడ్ సైన్స్ విభాగంలో ఫెర్మెంటేషన్ సైన్స్ అని ఏకంగా ఒక కోర్సే ఉంది. బీరు, వైను, చీజ్, బ్రెడ్డు, అన్నీ పులియబెట్టే చదువు. వీడు అందులో ఒక సబ్జెక్టు తీసుకున్నాడని ఫీజు కట్టిన మాకు డిగ్రీ అయ్యాక తెలిసింది. "లక్షలు పోసింది దీనికా" అన్నారు మా ఆయన. నిజానికి ఆ ఊరికీ బీరుకీ చుట్టరికం పాతది. అమెరికాలో చిన్న బ్రూవరీల బీరుకి ఆ నారింజతొక్క వాసన తెచ్చిన క్యాస్కేడ్ అనే హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) రకాన్ని వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఆ కోర్వాలిస్‌లోనే తయారుచేసి 1972లో విడుదల చేశారు. ఆ ఊరున్న విల్లామెట్ లోయలో ఆగస్టు చివర్లో కారు అద్దం దించితే హాప్స్ తోటల ఘాటు తెలుస్తుంది. ఆ తోటల పక్కనుంచి ఎన్నోసార్లు వెళ్లాం. అవి ఏంటని నేను ఏనాడూ అడగలేదు.

"చట్టం ఒప్పుకుంటుందా?" అన్నాను ముందు. ఒప్పుకుంటుంది. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా బీరు చేసుకోవచ్చు, ఒక్కరే అయితే 100. అమ్మకూడదు, అంతే. బట్టీ పెట్టి సారా తీయడానికి ఈ సడలింపు వర్తించదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఇంటి బీరుని ఒప్పుకోలేదట. వాడు ఇవన్నీ గడగడా చెప్తుంటే నాకు టెన్షన్ తగ్గకపోగా పెరిగింది. ఇంత చదివి వచ్చినవాడిని కాదనడం కష్టం.

నా భయం చట్టం గురించి కాదు. మాది నెల్లూరు జిల్లా, కలిగిరి వైపు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లలో సర్కారు సారా ప్యాకెట్లలో వచ్చేది. బియ్యం దొరకని రోజు ఉండేదేమో గానీ ప్యాకెట్ దొరకని రోజు లేదు. మా పెద్దమామయ్య కూలి డబ్బులు ఇంటికి చేరేవి కాదు. అత్త చెవికమ్మలు, ఆ తర్వాత ఇంటెనక అర ఎకరం, వరసగా పోయాయి. మా మండలంలోనే దూబగుంట ఉంది. రాత్రిబడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు అక్కడ సారా కొట్టు మూయించారు. ఆ సంగతి అక్షరాస్యత పుస్తకంలో పాఠంగా వచ్చింది, పాఠం చదివిన ఊళ్లు చాలా తమ దగ్గరా అదే పని చేశాయి. 1992లో నెల్లూరులో సారా పాటలు, అంటే సారా అమ్మే హక్కుల వేలాలు, జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు, పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. మా అమ్మ కూడా వెళ్లింది. చీపురు పట్టుకుని వెళ్లిందని మా నాన్న అంటాడు, రోకలి అని అమ్మ అంటుంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో ఎన్టీఆర్ మొత్తం మద్యనిషేధం తెచ్చారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. ఆ ఎత్తేసిన రోజు అమ్మ అన్నం తినలేదు.

ఇదంతా మా పిల్లలకి నేనెప్పుడూ చెప్పలేదు. ఏ పుట్టింటి కథ చెప్పినా మామయ్యని దాటేసి చెప్పేదాన్ని.

సరే, బీరు. హోమ్‌బ్రూ సామాన్ల దుకాణం నుంచి పెద్ద స్టీలు గిన్నె, మూతకి చిల్లున్న తెల్ల ప్లాస్టిక్ బకెట్టు, గొట్టాలు, మూతలు నొక్కే యంత్రం తెచ్చాడు. మొదటిసారి కదా, గింజల నుంచి మొదలెట్టకుండా మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి కొన్నాడు. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, తీపంతా నీళ్లలోకి దింపి, ఇగరబెట్టి పొడి చేస్తారు. ఐదు గ్యాలన్లకి, అంటే పంతొమ్మిది లీటర్లకి, సుమారు ఆరు పౌన్ల పొడి. రంగు కోసం వేయించిన బార్లీ గింజల్ని బట్ట సంచిలో కట్టి, 65 డిగ్రీల నీళ్లలో అరగంట నానబెట్టాడు. ఇల్లంతా హార్లిక్స్ వాసన. అందులోనూ ఉండేది మొలకెత్తిన బార్లీయే మరి.

ఆ తర్వాత గంటసేపు మరిగించాలి. పొడి వేసేముందు స్టవ్ ఆపాలి, లేకపోతే అడుగున మాడుతుంది. మళ్లీ మరుగు పట్టేటప్పుడు పక్కనుంచి కదలకూడదు. పొంగిందంటే స్టవ్ కడగడానికి సగంరోజు పడుతుంది, ఆ తీపి పాకం ఎండితే రాయే. చేదు కోసం కొన్ని హాప్స్ మొదట్లో, వాసన కోసం కొన్ని చివర్లో. మొదట వేసినవాటి వాసన మరుగులో పోతుంది, చేదు మిగులుతుంది. చివర వేసినవాటికి చేదు దిగే టైముండదు, వాసన నిలుస్తుంది. వాడు ఇది చెప్పినప్పుడు మాత్రం నాకు ఆసక్తి పుట్టింది. ఇంగువ ఎప్పుడు వేయాలో, కొత్తిమీర ఎప్పుడు వేయాలో తెలిసినదాన్ని కదా.

మరుగు అయిపోయాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. చల్లారిన పాకానికి ఏది తగిలినా శుద్ధి చేసి ఉండాలి. గరిటె, థర్మామీటరు, బకెట్టు, మూత, చివరికి ఈస్ట్ పాకెట్ కత్తిరించే కత్తెర కూడా. ఆవకాయ పెట్టేరోజు మా అమ్మ తడిచెయ్యి తగిలిన గరిటెని ఎలా చూసేదో, వాడు ఆరోజు మా ఆయన కాఫీ చెంచాని అలా చూశాడు. అక్కడ తడి పనికిరాదు, ఇక్కడ శానిటైజర్ తడి ఉండాల్సిందే. నురగతో సహా వదిలేయాలట, కడగకూడదట. నాకు ఇప్పటికీ మనసొప్పదు. గిన్నెని ఐసు నీళ్ల టబ్బులో దించి చల్లార్చి, బకెట్లోకి వంచి, పైన ఈస్ట్ చల్లాడు.

మా అమ్మాయికి పదహారేళ్లు, తాగే వయసు కాదు. ఒరెగాన్‌లో తల్లిదండ్రులు తమ ఇంట్లో తమ పిల్లలకి ఇవ్వొచ్చని చట్టం ఉంది. మేం ఇవ్వలేదు, ఇవ్వం. దాని వంతు లెక్కలు. పాకం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచి రీడింగ్ రాసుకుంది: 1.050. పులిసి ఆగాక మళ్లీ చూస్తే 1.012. రెండింటి తేడాని 131తో హెచ్చవేస్తే ఆల్కహాల్ శాతం, దగ్గర దగ్గర ఐదు. తీపి ఎంత తగ్గిందో అంత ఆల్కహాల్ అయిందన్నమాట. దోశపిండికి మేం ఓవెన్‌లో లైటు వేసి వెచ్చగా పెడతాం. ఈ ఈస్ట్‌కి మాత్రం 18 నుంచి 20 డిగ్రీలు చాలు, ఎక్కువైతే రుచి పాడవుతుంది. "దోశపిండిలో పనంతా ఎక్కువగా బ్యాక్టీరియాది, ఇది ఈస్ట్‌ది, రెండూ ఒకటి కాదమ్మా" అని నాకు క్లాసు పీకింది. బకెట్టుని మెట్ల కింద అల్మరాలో పెట్టారు. మర్నాటికల్లా మూత మీద గ్యాస్‌ని బయటికి వదిలే ఎయిర్‌లాక్ గుడగుడమనడం మొదలెట్టింది.

ఆ గుడగుడ వాట్సాప్ వీడియోలో అమ్మకి వినపడింది.

"ఏందిమే ఆ చప్పుడు?"

నేను మాట మార్చేలోపే మావాడు ఫోను లాక్కుని అల్మరా తలుపు తీసి చూపించాడు. వాడికి అమ్మమ్మ దగ్గర దాచడం రాదు. అమ్మ ఒక్క చూపులో పోల్చుకుంది. "ఊట వేసినారా? బట్టీ యాడ పెట్నావురా?" నాటుసారాకి బెల్లం ఊట వేసి, పులిశాక బట్టీ పెట్టి కాయడం ఆవిడ కళ్లారా చూసిన పని. బట్టీ లేదు అమ్మమ్మా, ఇదింతే, ఇక సీసాల్లో పోయడమే అని వాడు వచ్చీరాని తెలుగులో చెప్పాడు. "ఎక్కుద్దా, ఎక్కదా?" అంది. "కొంచెం" అన్నాడు. "నేను రోకలెత్తుకోని పోయింది ఇందుకేనా నాయనా" అని ఫోను పెట్టేసింది.

రోకలి సంగతేంటని పిల్లలిద్దరూ నా మీద పడ్డారు. అప్పుడు చెప్పాను. మామయ్య, అత్త కమ్మలు, ప్యాకెట్లు, పాటలు, అన్నీ. మెట్ల మీద కూర్చుని, సగం తెలుగు, సగం ఇంగ్లిష్. విని వాడు బీరు పారబోస్తానంటాడేమో అనుకున్నాను, ఒక మూల అలా ఆశపడ్డాను కూడా. వాడు అడిగింది వేరు. "అమ్మమ్మ పాటలు ఆపడానికి నెల్లూరు దాకా వెళ్లింది. నువ్వు గరాజ్‌కి కూడా ఎప్పుడూ రాలేదే?"

మా ఆయన అక్కడే సీసాల లేబుళ్లు గీకుతున్నారు. "నేను లిమిట్‌లోనే తాగుతాను" అన్నారు, ఎవరూ అడగకుండానే. మా అమ్మాయి లెక్కల పుస్తకం తీసింది. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. ఐదు శాతం బీరు పన్నెండు ఔన్సులైతే ఒకటి. పబ్బుల్లో ఇచ్చే ఏడు శాతం ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసిన చేదు బీరు) పింట్ గ్లాసు దాదాపు రెండు. మన పెద్ద పెగ్గు, 60 మిల్లీలీటర్ల విస్కీ, ఒకటింబావు దాటుతుంది. "ఇప్పుడు చెప్పు డాడీ, లిమిట్ ఎంత?" ఆయన సీసాలు గీకుతూ ఉండిపోయారు. పదిహేడేళ్లుగా నేను మొహం ముడుచుకుని సాధించలేనిది అది భాగహారంతో మొదలెట్టింది.

ఖాళీ సీసాల కోసం స్నేహితుల్ని అడగాల్సి వచ్చింది. గోధుమరంగువే కావాలి, వెలుగు తగిలితే హాప్స్ పాడై కంపు కొడుతుంది. మర తిప్పే మూతలవి పనికిరావు. "మీరెలా ఒప్పుకున్నారండీ" అని ఒకావిడ నాకు ఫోన్ చేసిన గంటకే వాళ్లాయన రెండు పెట్టెల సీసాలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు. వాళ్లింట్లో అన్ని సీసాలున్నాయని ఆవిడకి తెలుసో లేదో.

సీసాల్లో పోసేముందు కాస్త చక్కెర నీళ్లలో మరిగించి కలపాలి, ఐదు గ్యాలన్లకి నాలుగైదు ఔన్సులు. మిగిలిన ఈస్ట్ దాన్ని తిని మూత కింద గ్యాస్ పుట్టిస్తుంది, బీరుకి పొంగు అదే. చక్కెర ఎక్కువైనా, పులవడం పూర్తికాకుండా పోసినా సీసాలు పేలతాయి. అందుకే రీడింగ్ రెండుమూడు రోజులు కదలకుండా ఉందని చూశాకే పోశారు. గొట్టం అబ్బాయి పట్టాడు, మూతలు వాళ్ల నాన్న నొక్కారు. తండ్రీకొడుకులు ఇంటర్వ్యూల గురించో కారు ఇన్సూరెన్సు గురించో కాకుండా అంతసేపు మాట్లాడుకోవడం నేను చూసి చాలాకాలమైంది.

రెండు వారాలు ఆగి తెరిచారు. అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది, కదపకుండా వంచి గ్లాసులో పోయాలి. మా ఆయన బాగుందన్నారు, ఇంకోటి అడగబోయి కూతురి వైపు చూసి ఊరుకున్నారు. నేను ఒక గుక్క తాగాను. చేదు. నారింజ వాసన బాగుంది, అది చాలు నాకు. మామయ్య తాగింది, వీడు చేసింది ఒకటేనని నేను అనుకోవడం లేదు. వేరే అని ధైర్యంగా అనలేను కూడా. ఇద్దరి గురించీ ఒకే టేబుల్ దగ్గర మాట్లాడుకుంటున్నాం, అదొక్కటి కొత్త.

అమ్మ వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. తర్వాత తనే చేసింది. మనవడి ఉద్యోగం, మనవరాలి పరీక్షలు, మా వంటలు అన్నీ అడిగి చివర్లో, "ఎన్ని సీసాలైనాయి?" అంది. దగ్గర దగ్గర యాభై అన్నాను. "అమ్ముతాడా?" అమ్మకూడదమ్మా, చట్టం అన్నాను. "మరి అన్నీ ఎవురు తాగుతారు? లెక్కబెట్టి పెట్టుకో, అల్లుడికి తెలీకుండా."

మూతల మీద మార్కర్‌తో నంబర్లు మా అమ్మాయి అప్పటికే వేసేసింది. లిస్టు ఫ్రిజ్ తలుపు మీద ఉంది.