‘డయల్ ఎమ్ ఫర్ మర్డర్’: ఆ తాళంచెవి లెక్క ఏమిటంటే

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1954లో తీసిన ‘డయల్ ఎమ్ ఫర్ మర్డర్’ గురించి చూసినవాళ్లు మాట్లాడుకుంటే ఒక మాట తప్పకుండా వస్తుంది: "అంతా బాగుంది గానీ, చివర్లో ఆ తాళంచెవి గొడవే అంతుపట్టలేదు." దాని వెనకే ఇంకో రెండు. "సినిమాలా లేదు, నాటకంలా ఉంది." "మొదటి అరగంటా కూర్చుని మాట్లాడుకోవడమే." ఈ మూడింటిలో మొదటిది తేలిపోతే మిగతా రెండూ చాలావరకు వాటంతటవే తేలతాయి. ఎందుకంటే ఈ సినిమాలో అసలు కథ హత్యది కాదు, తాళంచెవిది. ఇక్కడ కథంతా విప్పేస్తున్నాను కాబట్టి చూడనివాళ్లు ముందు చూసొచ్చి చదవండి.

లండన్‌లో మైడా వేల్ అనే పేట. టోనీ (రే మిల్లాండ్) ఆట మానేసిన టెన్నిస్ ఆటగాడు. డబ్బంతా భార్య మార్గోది (గ్రేస్ కెల్లీ). ఆమెకి మార్క్ అనే అమెరికన్ రచయితతో ప్రేమ వ్యవహారం ఉందని టోనీకి ఏడాది కిందటే తెలుసు. మార్క్ రాసిన ఉత్తరాన్ని తనే దొంగిలించి, ఎవరో బెదిరిస్తున్నట్టు ఆమెకి ఆకాశరామన్న ఉత్తరాలు కూడా రాశాడు. ఇప్పుడు ఆమెని చంపించడానికి స్వాన్ అనే పాత పరిచయస్తుణ్ణి పట్టుకున్నాడు. బేరం 1,000 పౌండ్లు. ఆ సొమ్ము ఒక్కసారే తీస్తే బ్యాంకు పుస్తకంలో పట్టుబడుతుంది గనక ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా తీసి దాచాడు.

పథకం ఇదీ. శనివారం రాత్రి టోనీ, మార్క్ కలిసి విందుకి వెళ్తారు, మార్గో ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. వెళ్లేముందు టోనీ ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఇంటి తాళంచెవి తీసి, గుమ్మం బయట మెట్ల మీద పరిచిన తివాచీ కింద పెడతాడు. స్వాన్ 11కి మూడు నిమిషాల ముందు వచ్చి, ఆ తాళంచెవితో తలుపు తీసి, ఫోను బల్ల వెనకున్న కర్టెను చాటున నిలబడాలి. సరిగ్గా 11కి టోనీ హోటల్ నుంచి ఫోను చేస్తాడు. మార్గో పడగ్గదిలోంచి లేచొచ్చి రిసీవరు ఎత్తుతుంది. పని అయ్యాక తోటవైపు అద్దాల తలుపు తీసిపెట్టి, దొంగ అటు నుంచి వచ్చినట్టు చేసి, ముందు తలుపు నుంచే బయటికెళ్లి, తాళంచెవిని మళ్లీ తివాచీ కింద పెట్టాలి. ఆ తర్వాత టోనీ ఇంటికొచ్చి, దాన్ని తీసి చడీచప్పుడు లేకుండా బ్యాగులో వేసేస్తాడు.

ఎంతో పకడ్బందీగా ఉంది. బెడిసికొట్టింది మాత్రం చిన్నచిన్న చోట్లే. మార్గో ఆ రాత్రి సినిమాకి వెళ్తానంటుంది. ఇంట్లోనే ఉంచాలి కాబట్టి టోనీ బతిమాలి, తన పాత పేపరు కటింగులు ఆల్బంలో అంటించే పని పురమాయిస్తాడు. కటింగులంటే కత్తెర ఉండాలిగా. తర్వాత పెనుగులాటలో మార్గో చేతికి దొరికి స్వాన్ వీపులో దిగిన కత్తెర అదే. అక్కడ హోటల్లో టోనీ చేతి గడియారం ఆగిపోయింది. చూసుకునేసరికి 11 దాటిపోయింది, ఫోను పెట్టెలో ఇంకెవరో మాట్లాడుతున్నారు. ఇక్కడ స్వాన్ విసిగిపోయి వెళ్లబోతుంటే అప్పుడు మోగుతుంది ఫోను. చంపడానికొచ్చినవాడే చచ్చిపోతాడు.

తికమక మొదలయ్యేది ఇక్కడి నుంచి. పరుగున ఇంటికొచ్చిన టోనీ శవం జేబులో చెయ్యి పెడితే తాళంచెవి దొరుకుతుంది. "ఇదే మార్గోది, వీడు తివాచీ కింద పెట్టేలోపే చచ్చాడు" అనుకుని దాన్ని ఆమె బ్యాగులో వేస్తాడు. కానీ అది స్వాన్ సొంత ఇంటి తాళంచెవి. మార్గోది తివాచీ కిందే ఉంది. స్వాన్ తలుపు తీసిన వెంటనే, లోపలికి అడుగు పెట్టకముందే, దాన్ని మళ్లీ అక్కడే పెట్టేశాడు. ఆ పని చేస్తున్నట్టు సినిమా మనకి విడమరిచి చూపించదు. తర్వాత ఇన్‌స్పెక్టర్ హబ్బార్డ్ నోటి నుంచే వింటాం.

"వెళ్లేటప్పుడు పెట్టమంటే ముందే ఎందుకు పెట్టాడు? కథకుడు తన సౌకర్యం కోసం పెట్టించాడు" అని చాలామంది వేలెత్తి చూపేది ఈ చోటే. ఇక్కడ ఆ తలుపు తాళం ఎలాంటిదో తెలియాలి. మన పాత ఇళ్లలో తలుపుకి బయట గొళ్లెం, గొళ్లేనికి తాళంకప్ప. వెళ్లేటప్పుడు వేయడానికీ చెయ్యి కావాలి, వచ్చినప్పుడు తీయడానికీ తాళంచెవి కావాలి. లండన్ ఫ్లాట్ తలుపుకున్నది లాచ్ తాళం. స్ప్రింగు మీద పనిచేసే నాలుక ఉంటుంది దానికి. తలుపు లాగితే చాలు, దానంతటదే పడిపోతుంది. లోపలి నుంచి పిడి తిప్పితే వచ్చేస్తుంది. తాళంచెవి అవసరమయ్యేది బయటి నుంచి లోపలికి రావడానికి మాత్రమే. అంటే తలుపు తెరుచుకున్న క్షణం నుంచి స్వాన్‌కి ఆ తాళంచెవితో పనే లేదు. పని ముగించి పారిపోయే హడావుడిలో మెట్ల దగ్గర వంగి వెతుక్కునే బదులు, ఇప్పుడే పెట్టేస్తే ఒక తలనొప్పి తగ్గుతుంది. ఆరితేరిన మోసగాడు చేసే పనే అది. మన అపార్టుమెంట్లలోనూ ఈ తాళాలు వచ్చాక, లోపల తాళంచెవి మరిచి తలుపు లాగేసుకున్నవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

లాచ్ తాళంచెవులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. స్వాన్ దానికి గుత్తి లేదు, బిళ్ల లేదు. కంగారులో ఉన్న టోనీ తలుపుకి పెట్టి చూసుకోలేదు, ఎందుకంటే అతని లెక్కలో అది వేరేది అయ్యే అవకాశమే లేదు. అన్ని వైపులా ఆలోచించినవాడికి, స్వాన్‌కీ ఒక ఇల్లుంటుందని, దానికీ ఒక తాళంచెవి ఉంటుందని తట్టలేదు.

ఇక పోలీసుల వైపు నుంచి చూడండి. శవం బూట్లకి తోట మట్టి లేదు, కాబట్టి వీధి తలుపు నుంచే వచ్చాడు. జేబులో తాళంచెవి లేదు, కాబట్టి మార్గోనే తలుపు తీసి ఉండాలి. జేబులో మార్క్ ఉత్తరం ఉంది (టోనీ పెట్టాడు), కాబట్టి బెదిరిస్తున్నవాణ్ణి పిలిచి చంపింది. ఆమెకి మరణశిక్ష పడుతుంది. నా దృష్టిలో అసలైన లొసుగు ఇక్కడుంది, స్వాన్ దగ్గర కాదు. చనిపోయిన మనిషి దగ్గర ఏ తాళంచెవీ లేదు, తన ఇంటిది కూడా. ఆ మాట కోర్టులో మార్గో తరఫు న్యాయవాది గట్టిగా పట్టుకోవాల్సింది. విచారణని హిచ్‌కాక్ గ్రేస్ కెల్లీ ముఖం మీద, వెనక మారే రంగు వెలుగుల మీద రెండు నిమిషాల్లో దాటించేయడం వల్ల మనకా ప్రశ్న అడిగే తీరిక ఉండదు. చూపించకుండా దాటించడం కూడా చేతనైన పనే మరి.

హబ్బార్డ్‌కి (జాన్ విలియమ్స్) దారి దొరికింది మార్గో బ్యాగులోని తాళంచెవి ఆ ఇంటి తలుపుకి పట్టకపోవడంతో. అది స్వాన్ ఇంటికి పట్టింది. అలాగైతే మార్గోది ఎక్కడ? వెతికితే మెట్ల మీద తివాచీ కింద. దాన్ని మళ్లీ అక్కడే పెట్టేశాడు. "ఆయనకి అంతా తెలిసిపోయాక ఇంకా ఆ నాటకమంతా దేనికి, పట్టుకుపోతే సరిపోయేదిగా" అంటారు కొందరు. సరిపోదు. తాళంచెవి అక్కడ ఉందన్నది నిజమే, కానీ పెట్టింది ఎవరో అది చెప్పదు. మార్గోనే స్వాన్ కోసం అక్కడ పెట్టి ఉండొచ్చు కూడా. అందుకే పరీక్ష ఇద్దరికీ పెట్టాలి. మార్గోని జైలు నుంచి తీసుకొచ్చి, బ్యాగు చేతికిచ్చి, గుమ్మం ముందు వదిలారు. తాళంచెవి పెట్టి చూసింది, పట్టలేదు, తోటవైపు తిరిగి వచ్చింది. మెట్ల వైపు చూడనైనా చూడలేదు. ఆమెకి ప్రాణం పోసింది ఆ చూడకపోవడమే.

ఇంక టోనీ వంతు. హబ్బార్డ్ ముందే ఒకే రకం రెయిన్‌కోట్లు మార్చేసి టోనీ సొంత తాళంచెవి తీసేసుకున్నాడు. బ్యాగు పోలీస్ స్టేషన్‌లో ఉండేట్టు చూశాడు. టోనీ ఇంటికొస్తాడు, కోటులో చెయ్యి పెడతాడు, తన తాళంచెవి ఉండదు. స్టేషన్‌కి వెళ్లి బ్యాగు తెచ్చుకుంటాడు, అందులోది తలుపుకి పట్టదు. లోపల చీకట్లో హబ్బార్డ్, మార్గో, మార్క్ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటారు. టోనీ వెళ్లిపోతుంటాడు. హబ్బార్డ్ కిటికీలోంచి చూస్తూ అతని ఒక్కో అడుగూ చెబుతుంటాడు. టోనీ ఆగుతాడు. బ్యాగులోది పట్టలేదంటే అది స్వాన్‌ది, అంటే మార్గోది... వెనక్కి తిరుగుతాడు. తివాచీ ఎత్తుతాడు. తలుపు తెరుచుకుంటుంది. ఆ తివాచీ ఎత్తిన చెయ్యే సాక్ష్యం. తెలివైనవాడు గనకే అంత దూరం ఆలోచించగలిగాడు, అంత దూరం ఆలోచించాడు గనకే దొరికాడు. కాస్త మందబుద్ధి అయితే తాళాలవాణ్ణి పిలిచి బయటపడేవాడు.

"మాటలెక్కువ" అన్నదానికి వస్తాను. టోనీ స్వాన్‌ని ఒప్పించే సన్నివేశం నిజంగానే పొడుగు. దాన్ని చెవులతో కాక కళ్లతో చూడండి. టోనీ రుమాలు మీద కన్నేసి ఉంచండి. స్వాన్ ఏది ముట్టుకుంటే దాన్ని, మాట ఆపకుండానే తుడుచుకుంటూ పోతుంటాడు. ఉత్తరం మీద మాత్రం స్వాన్ వేలిముద్ర పడేలా చేసి జాగ్రత్తగా దాచుకుంటాడు. వచ్చేటప్పుడు కాలు బాగోలేదని కుంటినవాడు, అసలు విషయంలోకి దిగాక మామూలుగా నడుస్తాడు. పథకం వివరించేటప్పుడు కెమెరా ఒక్కసారిగా కప్పు మీదికి వెళ్లి గదిని పటంలా చూపిస్తుంది: తలుపు, బల్ల, కర్టెను, పడగ్గది గుమ్మం. ఆ ఒక్క షాటు చూసినవాడికి తర్వాత హత్య రాత్రి ఎవరు ఎటు ఉన్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

నాటకమే, అందులో దాపరికం లేదు. ఫ్రెడరిక్ నాట్ రాసినది 1952లో బీబీసీ టెలివిజన్‌లో వచ్చింది, అదే ఏడాది లండన్‌లో, ఆపైన న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఆడింది. సినిమాకి స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే. జాన్ విలియమ్స్, స్వాన్‌గా వేసిన ఆంథనీ డాసన్ ఇద్దరూ బ్రాడ్‌వేలో అవే పాత్రలు వేశారు. పరిషత్తు నాటకాలు చూసినవాళ్లకి ఒక్క గది సెట్టులో కథ బిగించడం ఎంత కష్టమో తెలుసు. గోడలు బద్దలుకొట్టి వీధుల్లోకి పరిగెత్తితే ఆ బిగువు జారిపోతుంది. ఆ గుమ్మం దాటకపోవడం వల్లే గుమ్మం తాళంచెవికి అంత బరువొచ్చింది.

టీవీలో చూసినవాళ్లు "మధ్యలో దీపాలు, సీసాలు ఎందుకు అడ్డమొస్తాయి, కెమెరా ఎందుకు అంత కిందుంది" అంటుంటారు. ఇది 3డీలో తీసిన సినిమా. ముందున్న వస్తువు, మధ్యలో మనిషి, వెనక గోడ అని లోతు కనపడాలని అలా పేర్చారు, కెమెరా కిందికి దిగడానికి సెట్టులో గొయ్యి తీశారు. 3డీ కెమెరాతో అంత దగ్గర నుంచి తీయడం కుదరదు గనక డయలు తిప్పే షాటు కోసం పెద్ద డయలు, పెద్ద వేలు ప్రత్యేకంగా చేయించారు. మైడా వేల్ టెలిఫోను ఎక్స్ఛేంజికి ముందు తిప్పాల్సిన మూడక్షరాల్లో మొదటిది ఎమ్మే. ప్రేక్షకుల మీదికి ఏదో విసరడం ఇందులో లేదు. మార్గో చెయ్యి కత్తెర కోసం మన వైపు చాచినప్పుడూ, హబ్బార్డ్ తాళంచెవి ముందుకు పట్టినప్పుడూ మాత్రమే తెర దాటి వస్తాయి. హత్యకి ఒకటి, రుజువుకి ఒకటి. అయితే విడుదలయ్యే నాటికి 3డీ మోజు తగ్గిపోయి చాలా థియేటర్లలో మామూలు ప్రింటే వేశారు. 2012లో 3డీ బ్లూరే వచ్చింది, దొరికితే అదే చూడాలి.

ఫోను పెట్టె దగ్గర టోనీ చెమటలు పట్టి నిలబడినప్పుడు మనమూ "త్వరగా కానీయవయ్యా" అనుకుంటాం. అలా అనుకున్నందుకు సిగ్గుపడినవాళ్లు చాలామంది. అది చూసేవాడి తప్పు కాదు. అరగంట పాటు ప్రతి అడుగూ మనకి కంఠతా పట్టించి, ఒక్క అడుగు తప్పగానే సరిదిద్దాలనిపించేలా చేశాడు హిచ్‌కాక్. మార్క్ పాత్ర (రాబర్ట్ కమింగ్స్) చప్పగా ఉందన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. ఉరికి ముందురోజు మార్గోని కాపాడమని టోనీని బతిమాలుతూ, "స్వాన్‌ని కుదుర్చుకున్నది నేనేనని ఒప్పుకో" అని అతను అల్లే కథ దాదాపు నిజమే కావడం మాత్రం అద్భుతం. నిజం కళ్లెదుట కూర్చుని ఉంటే అది తను కల్పించిన కథే అనుకుంటాడు పాపం.

ఇప్పటివాళ్లకి ఆ ఉరి బెదిరింపు కథలో ఒక మలుపులా అనిపించవచ్చు. అప్పటి ఇంగ్లండ్‌లో అది నిజంగా అమలయ్యేది. ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 1955 జులైలో, రూత్ ఎల్లిస్ అనే ఆమెని ఉరితీశారు. బ్రిటన్‌లో ఉరికంబమెక్కిన ఆఖరి స్త్రీ ఆమె. మార్గో బట్టల రంగులు గమనించండి. మొదట్లో ఎర్ర గౌను, పోనుపోను రంగు తగ్గి, జైలు నుంచి వచ్చేసరికి ముదురు కోటు. తాళం పట్టని తలుపు ముందు ఆ కోటులో నిలబడినప్పుడు ఆమెకి తెలిసింది ఒక్కటే, తెల్లారితే ఉరి అని. ఇంటికెందుకు తెచ్చారో కూడా తెలియదు. రెండోసారి చూసేటప్పుడు ఆ క్షణంలో గ్రేస్ కెల్లీ ముఖమే చూడండి, తాళంచెవి లెక్క ఇప్పుడు తెలిసిందే కదా.