నెలాఖరుకల్లా హాలు ఖాళీ చేయాలట

ఈ నెలాఖరుకల్లా హాలు ఖాళీ చేయమని ఇంటి యజమాని చెబుతున్నప్పుడు, ఆరాధన ముగించుకున్న మా సంఘస్థులు కొందరు చాపలు చుట్టి మూలన నిలబెడుతున్నారు. ఆయన మాటలో కోపం లేదు. పైవాటాలో అద్దెకున్నవారు మైకు శబ్దానికి ఇబ్బంది పడుతున్నారట, అది న్యాయమైన మాటే.

మైకు తీసేసి డోలక్, తాళాలతోనే పాడుకుంటామన్నా ఆయన ఒప్పుకోలేదు. కానుకల సంచిలో పడే చిల్లరతో కరెంటు బిల్లు కట్టుకునే మాకు కొత్త చోటుకు అడ్వాన్సు ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు.

మధ్యాహ్నం బైబిల్లో అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం తీశాను. కొరింథు పట్టణంలో యూదుల సమాజమందిరంలో వ్యతిరేకత వచ్చినప్పుడు, క్రీస్తును ప్రకటిస్తున్న పౌలు ఆ పట్టణం విడిచి వెళ్లకుండా, మందిరాన్ని ఆనుకొనే ఉన్న తీతియు యూస్తు ఇంటికి మారి, రాత్రి దర్శనంలో భయపడవద్దన్న ప్రభువు మాట మీద ఏడాదిన్నర అక్కడే బోధించాడు. గమనిస్తే, ఆ దర్శనంలో స్థలం గురించిన హామీ ఏదీ లేదు. తోడుగా ఉంటానని, హాని చేయడానికి ఎవరూ అతని మీదికి రారని, ఆ పట్టణంలో తన జనం చాలామంది ఉన్నారని ప్రభువు చెప్పాడు.

దేవుణ్ణి నమ్మినవారికి ఆందోళనే ఉండదని చెప్పేవారితో నేను ఏకీభవించలేను. నాకు ఆందోళన ఉంది, ప్రార్థన కూడా ఉంది.

వచ్చే నెల మొదటి ఆదివారం కూడిక మా సభ్యులలో ఒకరి డాబా మీద, ఎండ ముదరకముందే, ఉదయం ఆరున్నరకు జరుగుతుంది. మెట్లు నిటారుగా ఉన్నాయి కనుక పెద్దవారిని చేయి పట్టుకొని తీసుకురాగలరు.