ఎవరికోసమూ కాని బొంత

రాజమహేంద్రవరం, ఏప్రిల్ రెండో వారం

ఆరు దాటకముందే మేడ మీదికి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసి వచ్చేయాలి. తొమ్మిదయ్యేసరికి ఆ గచ్చు మీద చెప్పులు లేకుండా నిలబడలేం. రోహిణి కార్తె ఇంకా నెల పైనే ఉంది. అప్పటికి రోళ్ళ సంగతేమో గాని, నా మట్టికుండీలు మాత్రం పగిలేలా ఉన్నాయి.

టమాటాల కథ ముగిసినట్టే. పూత వస్తోంది, రాలిపోతోంది. రాత్రిళ్ళు కూడా వేడి తగ్గకపోతే ఆ చెట్టు కాయ నిలుపుకోదు. రేపో ఎల్లుండో పీకేసి ఆ మట్టిలో తోటకూర విత్తనాలు చల్లుతాను. బెండకు, గోంగూరకు ఎండ లెక్కే లేదు. వంగ మీద మాత్రం ఎర్రనల్లి చేరింది. ఆకు తిప్పి చూస్తే సన్నని బూజులాంటి గూడు, అందులో కదిలే చుక్కలు. పొడి గాలి అంటే దానికి పండగ. లీటరు నీళ్ళలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి ఆకుల అడుగున పడేలా కొట్టాను. సాయంత్రమే కొట్టాలి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

కడియపులంక నర్సరీ నుంచి తెచ్చుకున్న దొంతరమల్లె మాత్రం ఈ ఏడు మాట నిలబెట్టుకుంది. జనవరిలో ఆకు దూసి కొమ్మలు కత్తిరిస్తుంటే మావారు జాలిగా చూశారు. ఇప్పుడు రోజూ చేటలో మొగ్గలు. వాటిని కట్టే హక్కు అత్తయ్యగారిది. ఎనభై దాటినా అరటినారతో ఆవిడ వేసే ముడి నాకు ఇప్పటికీ పట్టుబడలేదు.

పదకొండు నుంచి నాలుగు దాకా కిటికీలు మూసి కుట్టుమిషను ముందు కూర్చుంటాను. మిషను మీద ఉన్నది పెద్ద మంచానికి ముక్కల బొంత. పెడన కలంకారీ ముక్కలు, మధ్యమధ్య తెల్లని మంగళగిరి నూలు. ఆరంగుళాల చదరాలు, ప్రతి వైపూ పావు అంగుళం కుట్టుబడి పోతే ఒక్కోటి అయిదున్నర. అడ్డంగా పదకొండు, నిలువుగా పదహారు, అంటే మొత్తం 176 ముక్కలు. ఎరుపు దిగుతుందని తెల్లగుడ్డ పక్కన కలంకారీ వేయడానికి చాలామంది భయపడతారు. ఉప్పునీళ్ళలో నానబెడితే చాలంటారు గాని, నాకు ఆ ఉప్పు మీద నమ్మకం తక్కువ. ముక్కలు కోయకముందే గుడ్డను నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతికి, తడిగా ఉండగానే తెల్లరుమాలుతో గట్టిగా రుద్ది చూస్తాను. రుమాలు తెల్లగా ఉంటేనే కత్తెర.

పాత కలంకారీ దుప్పటి ముక్కలు కూడా కొన్ని కలిపాను. వాటిలో ఒక చిత్రం ఉంది. గుడ్డ ఎక్కడ చిరిగిందో చూస్తే సరిగ్గా నల్లని గీత వెంబడే చిరిగి ఉంటుంది. ఎర్రపువ్వు నిక్షేపంలా ఉంటుంది, దాని చుట్టూ గీసిన నలుపు మాత్రం జల్లెడ. ఆ నలుపును తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ళతో చేస్తారు. ఇనుము ఏళ్ళ తరబడి నూలును తినేస్తుంది. అందుకే అలాంటి ముక్కల వెనక పలుచని గుడ్డ వేసి, నల్లగీత మీదుగానే సన్నగా కుట్టు వేస్తున్నాను. పని రెట్టింపు, కానీ పువ్వు నిలుస్తుంది.

మావారి పాత ప్యాంట్లు కూడా ఒక మూల పోగుపడి ఉన్నాయి. వాటితో బొంత ఏమిటని ఆయన ఎకసెక్కెం. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలం పనుల్లో అరిగిపోయిన బట్టలతో బొంతలు కుట్టారు. వాటిని 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేశారు. ఇదంతా చెప్పాను. "అయితే నా ప్యాంటు కూడా బిళ్ళ మీదికి ఎక్కుతుందా?" అని పేపరు తిరగేశారు. ఆయనకు ముందు ఆ మోకాళ్ళ దగ్గరి అరుగుదల అందం కనిపించాలి. ఇప్పట్లో ఆ ఆశ లేదు.

అసలు మనసంతా చేత్తో కుట్టే చిన్న బొంత మీదే ఉంది. అమ్మాయి వచ్చే నెల పురిటికి వస్తుంది, జూన్‌లో పురుడు. పుట్టకముందే పొత్తిగుడ్డలు సిద్ధం చేయకూడదని అత్తయ్యగారి పట్టుదల. నేను ఎదురు చెప్పను. "ఇది ఎవరికోసమూ కాదండీ, చేతికి పని" అన్నాను. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసి, తన ట్రంకుపెట్టెలోంచి రెండు నూలు చీరలు తీసి నా ఒళ్ళో వేశారు. "ఎవరికోసమూ కానిదానికి కొత్తగుడ్డ దండగ గదా" అన్నారు.

ఆ చీరలు చేతిలోకి తీసుకుంటే వెన్నలా జారాయి. ఎన్నో చాకిరేవులు చూసిన నూలుకే ఆ మెత్తదనం వస్తుంది, కొట్లో డబ్బు పెట్టి కొనలేం. గంజి పూర్తిగా పోయేలా ఉతికాను. జరీ అంచు గుచ్చుకుంటుందని కత్తిరించి పక్కన పెట్టాను. ఫాల్ కుట్లు విప్పుతుంటే దాని కింద లోపలివైపు నాలుగు వేళ్ళ వెడల్పున ముదురు వంకాయరంగు బయటపడింది. చీరంతా వెలిసి బూడిదపూవు రంగుకు వచ్చింది గాని, అది కొన్ననాడు ఎలా ఉండేదో ఆ పట్టీ చెబుతోంది. ఆ పట్టీని పైకి కనిపించేలా వేయాలని అప్పుడే అనుకున్నాను.

వేసవికి బొంతేమిటని అడిగేవాళ్ళు ఉంటారు. లోపల దూది పెడితేనే అది చలికాలపు సరుకు. నాలుగు పొరల పాతనూలు చెమట పీలుస్తుంది, తెల్లవారుజామున ఫ్యాను గాలిని ఆపుతుంది. పొరలు గచ్చు మీద పరిచి, మధ్య నుంచి అంచులకు ముందుగా పెద్ద టాకాలు వేశాను. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో గుట్టపడుతుంది. దారానికి మైనం రాసుకుని, వేలెడు ఎడంతో వరసలు వేస్తున్నాను.

సాయంత్రం మళ్ళీ మేడ. సొరపువ్వు పొద్దు వాలాకే విచ్చుతుంది, ఆ వేళకు తేనెటీగలు దాదాపు ఉండవు. మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, అడుగున వేలెడు పిందె ఉన్న ఆడపువ్వు లోపల మెల్లగా అద్దాను. నిన్న అద్దిన పిందె పచ్చగానే ఉంది, పసుపెక్కి రాలలేదు.

కిందికి వచ్చేసరికి అత్తయ్యగారు బొంతను ఒళ్ళో వేసుకుని కుట్టు వరసలు తడిమి చూస్తున్నారు. "మూడు అంచులు మడిచి కుట్టెయ్యి. నాలుగోది వదిలెయ్యి. పూర్తికాని బొంతకు ఏ దోషమూ లేదు, పురుడయ్యాక నేను కుడతాను" అన్నారు. సరేనన్నాను. ఇక ఆ అంచుకు వంకాయరంగు దారం వెతకాలి. నా డబ్బాలో ఉన్నది ఆ పట్టీ పక్కన పెడితే వెలవెలబోతోంది. రేపు తాడితోట బట్టల బజారుకు వెళ్ళి, పట్టీని కూడా పట్టుకెళ్ళి, దుకాణంలో కాకుండా బయట వెలుతురులో పోల్చి తెచ్చుకోవాలి.